వరంగల్ గాలిలో గ్రీన్‌హౌస్ వాయువులు: పరారుణ కాంతితో కొలిస్తే నగరం వాటా తేలుతుందా?

హనుమకొండ_భౌతికం

మిత్రులందరికీ నమస్కారం. నేను హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతాను. మా పిల్లలు ఈ చలికాలంలో కళాశాల డాబా మీద ఒక చిన్న పరారుణ సెన్సర్ పెట్టి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను రాత్రింబవళ్లు నమోదు చేస్తున్నారు. తెల్లవారుజామున అంకె బాగా పెరుగుతోంది. పొద్దెక్కిన కొద్దీ దిగుతూ వచ్చి మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో అన్నిటికంటే తక్కువకు చేరుతోంది. రోడ్డు మీద బండ్లు లేని వేళ ఎక్కువ, ట్రాఫిక్ నిండుగా ఉన్న వేళ తక్కువ రావడం పిల్లలకు వింతగా ఉంది. రాత్రి గాలి నేలకు దగ్గరగా పలుచని పొరలో చిక్కుకుంటుందని, పగలు ఎండకు ఆ పొర పైకి లేచి కలిసిపోతుందని వారికి వివరించాను.

నా ప్రశ్న అంతకంటే పెద్దది. వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన ఈ నగరం తనంతట తాను గాలిలోకి వదులుతున్న కార్బన్ డయాక్సైడ్, మీథేన్ ఎంతో పరారుణ వర్ణపట పద్ధతులతో విడదీసి చెప్పగలమా? చెప్పగలిగితే ఏ రకం పరికరం కావాలి, దాన్ని ఎక్కడ పెట్టాలి? మన దేశంలో 2009 నాటి గాలి నాణ్యతా ప్రమాణాల్లో 12 కాలుష్యాలు ఉన్నాయి కాని, వాటిలో ఈ రెండు వాయువులూ లేవు. కాబట్టి గాలి నాణ్యతా కేంద్రాల లెక్కల్లో మనకు కావలసిన సమాచారం దొరకదు.

కాజీపేట_విద్యార్థిని

సార్, పెద్దవారు మీ ప్రశ్నకు వచ్చేలోపు నాది ఒక చిన్న సందేహం. గాలిలో నైట్రోజన్, ఆక్సిజన్ అంత ఎక్కువగా ఉండగా, పరారుణ కాంతి వాటిని వదిలేసి ఇంత తక్కువగా ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను ఎలా గుర్తుపడుతుంది?

పరికరాల_గది

ముందు విద్యార్థిని గారి సందేహం తీరుస్తాను, ఎందుకంటే మిగతా చర్చంతా దాని మీదే నిలబడుతుంది. ఒక అణువు పరారుణ కాంతిని శోషించాలంటే, అది కంపిస్తున్నప్పుడు దానిలోని విద్యుదావేశాల అమరిక, అంటే ద్విధ్రువ భ్రామకం, మారుతూ ఉండాలి. నైట్రోజన్, ఆక్సిజన్ అణువుల్లో ఒకే రకం పరమాణువులు రెండేసి ఉంటాయి కాబట్టి అవి ఎంత సాగి ముడుచుకున్నా ఆ అమరికలో తేడా రాదు. అందుకే పొడి గాలిలో 99 శాతం ఉన్న ఈ రెండూ మన కొలతకు అడ్డురావు. కార్బన్ డయాక్సైడ్ 4.26 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, 15 మైక్రోమీటర్ల దగ్గర బలంగా శోషిస్తుంది. మీథేన్‌కు 3.3, 7.7 మైక్రోమీటర్లు, నైట్రస్ ఆక్సైడ్‌కు 4.5, కార్బన్ మోనాక్సైడ్‌కు 4.67 ముఖ్యమైన చోట్లు. ఈ తేడాను 1859లో లండన్‌లో జాన్ టిండాల్ ప్రయోగశాలలో నిరూపించాడు. 1958లో అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ హవాయి దీవిలోని మౌనా లోవా పర్వతం మీద కొలతలు మొదలుపెట్టినప్పుడు వాడింది కూడా పరారుణ విశ్లేషకమే. అప్పుడు సుమారు 315 పీపీఎం (పది లక్షల గాలి అణువుల్లో 315) ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది.

ఇక మీ డాబా మీది సెన్సర్ సంగతి. దాని లోపల ఒక చిన్న దీపం, కొద్ది సెంటీమీటర్ల గొట్టం, 4.26 మైక్రోమీటర్ల కాంతిని మాత్రమే వదిలే ఫిల్టర్, చివరన ఒక గ్రాహకం ఉంటాయి. మంచి రకంలో 4 మైక్రోమీటర్లకు కొంచెం దిగువన, ఏ వాయువూ పెద్దగా శోషించని చోట, రెండో గ్రాహకం కూడా ఉండి దీపం మసకబారడాన్ని కనిపెడుతుంది. ఇది వర్ణపటాన్ని విడదీసి చూడదు, ఒకే కిటికీలోంచి చూస్తుంది. తయారీదారులు చెప్పుకునే కచ్చితత్వమే సాధారణంగా 30 నుంచి 50 పీపీఎం, దానికి తోడు కొలతలో 3 నుంచి 5 శాతం. ప్రపంచ వాతావరణ సంస్థ ఉత్తరార్ధగోళంలోని కేంద్రాల మధ్య కోరే పొందిక 0.1 పీపీఎం. ఈ రెండింటి మధ్య దూరం మనసులో పెట్టుకుని ముందుకు వెళ్లాలి.

మూడు జాగ్రత్తలు వెంటనే తీసుకోండి. మొదటిది, ఈ సెన్సర్లలో చాలావాటికి తమంతట తాము సరిదిద్దుకునే ఏర్పాటు ఉంటుంది. అది గత కొద్ది రోజుల్లో వచ్చిన అతి తక్కువ అంకెను 400 పీపీఎం అని నమ్మి, మొత్తం కొలతనంతా ఆ మేరకు జరుపుతుంది. బయటి గాలే 420 దాటిన కాలంలో ఇది కనీసం 20 పీపీఎం తక్కువగా చూపుతుంది కాబట్టి దాన్ని ఆపివేయండి. రెండోది, గొట్టంలో సెన్సర్ లెక్కించేది అణువుల సంఖ్యనే. 25 డిగ్రీల దగ్గర సరిచేసిన పరికరం 42 డిగ్రీల ఎండలో, అదే పీడనం దగ్గర, 5 శాతానికి పైగా తక్కువ అణువులను చూస్తుంది. దిద్దుబాటు లేకపోతే 420 ఉన్న గాలిని 397గా చూపుతుంది. మూడోది, డాబా మీద సెన్సర్ తెర చదవడానికి ఎవరూ దాని మీదికి వంగకూడదు. మన ఊపిరిలో సుమారు 4 శాతం, అంటే 40,000 పీపీఎం కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. పక్కనే ఒక్కసారి ఊపిరి వదిలినా గ్రాఫ్‌లో గుట్ట లేస్తుంది.

వాయుస్తంభం

నా స్వస్థలం హనుమకొండే, ప్రస్తుతం వేరే రాష్ట్రంలో వాతావరణ పరిశోధనలో ఉన్నాను. భౌతికం సార్ అడిగిన పెద్ద ప్రశ్నకు ఐరోపా నగరాలు ఇచ్చిన జవాబు ఒకటుంది. సూర్యుని వైపు తిరిగి, నేల నుంచి వాతావరణం పైకొస దాకా ఉన్న గాలి స్తంభం మొత్తంలో ఎంత వాయువు ఉందో సూర్యకాంతి వర్ణపటం నుంచి లెక్కగట్టే ఎఫ్‌టీఐఆర్ (ఫోరియర్ రూపాంతర పరారుణ) పరికరం అది. కదిలే అద్దం ఉన్న ఇంటర్‌ఫెరోమీటర్‌లో కాంతి రెండు దారులుగా చీలి మళ్లీ కలుస్తుంది. అద్దం జరిగిన కొద్దీ వచ్చే వెలుగునీడల క్రమానికి, కలగలిసిన తరంగాలను విడదీసే ఫోరియర్ రూపాంతరం అనే గణితం చేస్తే వర్ణపటం వస్తుంది. బ్రూకర్ సంస్థ, జర్మనీలోని కార్ల్స్‌రూహె సాంకేతిక సంస్థ కలిసి రూపొందించిన ఈఎం 27 సన్ అనే పరికరాన్ని ఇద్దరు మనుషులు మోసుకెళ్లి ఎక్కడైనా పెట్టవచ్చు. 2014లో బెర్లిన్ చుట్టూ అలాంటివి ఐదు పెట్టి, గాలి నగరంలోకి వచ్చే వైపు, వెళ్లే వైపు స్తంభాల్లో తేడా చూశారు. మ్యూనిక్‌లో 2019 నుంచి శాశ్వత వలయమే నడుస్తోంది.

ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఒకటుంది. అదే వర్ణపటంలో 1.27 మైక్రోమీటర్ల దగ్గర ఆక్సిజన్ గీతలు కూడా దొరుకుతాయి. ఇవి పైన చెప్పిన కంపనాల వల్ల కాక, అణువులోని ఎలక్ట్రాన్ల స్థితి మారడం వల్ల వచ్చే బలహీనమైన గీతలు. ఆక్సిజన్ పొడి గాలిలో ఎంత ఉంటుందో మనకు కచ్చితంగా తెలుసు కాబట్టి, దానితో భాగిస్తే పీడనం, తేమ, అద్దాల అమరికల వల్ల వచ్చే తప్పులు చాలావరకు కొట్టుకుపోతాయి. పైగా స్తంభం మొత్తాన్ని చూస్తున్నాం కాబట్టి, గాలి పొర 200 మీటర్లే ఉందా 2000 మీటర్లు ఉందా అన్న చిక్కు ఉండదు. వానాకాలం వదిలేస్తే మన దగ్గర ఎండకు కొదవ లేదు. వరంగల్‌కు ఇదే సరైన దారి అని నా అభిప్రాయం.

గోదావరిఖని_ఇంజినీరు

వాయుస్తంభం గారి పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. కాని పరికరం ఎంచుకునే ముందు సంకేతం ఎంత ఉంటుందో కాగితం మీద లెక్క వేయాలి. నేను వేసిన లెక్క ఇది.

నగరంలో పది లక్షల మంది, ఒక్కొక్కరి పేరిట నగరం లోపల ఏడాదికి ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందని అనుకుందాం. ఇది లెక్క కోసం పెట్టుకున్న ఊహ మాత్రమే. ఏడాదికి పది లక్షల టన్నులంటే సెకనుకు సుమారు 32 కిలోలు. గాలి సెకనుకు 3 మీటర్ల వేగంతో 10 కిలోమీటర్ల వెడల్పున నగరం మీదుగా వెళుతుంటే, అవతలి అంచున ప్రతి చదరపు మీటరు మీద అదనంగా చేరేది ఒక గ్రాము. మొత్తం గాలి స్తంభంలో ఒక పీపీఎం పెరగాలంటే చదరపు మీటరుకు సుమారు 15 గ్రాములు కావాలి. అంటే మన నగరం సంకేతం స్తంభంలో 0.07 పీపీఎం. అంత చిన్న తేడాను రెండు పరికరాల మధ్య నమ్మకంగా పట్టుకోవడం చాలా కష్టం. బెర్లిన్ మనకంటే ఎన్నో రెట్లు పెద్దది. అక్కడే తేడాలు ఒక పీపీఎం స్థాయిలో ఉన్నాయి.

ఇదే పరికరాన్ని రామగుండానికి తీసుకురండి, లెక్క మారిపోతుంది. 2600 మెగావాట్ల పాత విద్యుత్ కేంద్రం పూర్తి సామర్థ్యంతో నడుస్తూ, యూనిట్‌కు 0.9 కిలోల చొప్పున వదులుతుందనుకుంటే సెకనుకు 650 కిలోలు. పొగ 5 కిలోమీటర్ల వెడల్పుకు పరుచుకున్న చోట, అదే గాలి వేగంలో, స్తంభంలో దాదాపు 3 పీపీఎం పెరుగుతుంది. పక్కనే ఉన్న 1600 మెగావాట్ల కొత్త కేంద్రాన్ని ఇందులో కలపలేదు. సూర్యుణ్ణి చూసే పరికరం ఉండవలసిన చోటు రామగుండం. వరంగల్‌కు నేల దగ్గరి కొలతే కావాలి. ఆ ఒక్క గ్రామే కిలోమీటరు ఎత్తు పొరలో కలిస్తే నేల దగ్గర 0.6 పీపీఎం అవుతుంది. చలికాలం రాత్రి గాలి సెకనుకు ఒక మీటరుకు తగ్గి, పొర 200 మీటర్లకు కుదించుకుపోతే దాదాపు 9 పీపీఎం అవుతుంది.

వాయుస్తంభం

ఇంజినీరు గారి లెక్కను నేనూ వేసి చూశాను, సరిగ్గానే ఉంది. కార్బన్ డయాక్సైడ్ వరకు వరంగల్ స్తంభంలో కనబడటం కష్టమే. కాని ఆ 9 పీపీఎంను అంత తేలిగ్గా నగరానికి జమ కట్టడానికి నేను ఒప్పుకోను. ఆ లెక్కలో పొర ఎత్తు 200 మీటర్లని మీరు పెట్టుకున్నారు. అది 100 అయితే 18 పీపీఎం, 400 అయితే నాలుగున్నర. రాత్రిపూట పొర ఎత్తును కొలిచే సీలోమీటర్ లేకుండా గాఢత నుంచి ఉద్గారానికి వెళితే, జవాబు సగానికి సగం అటూ ఇటూ అవుతుంది. రాత్రి గాలి నిలకడగా ఒకే దిక్కున వీచదు కూడా.

అంతకంటే ముఖ్యమైనది మొక్కలు, నేల వదిలే శ్వాస. రాత్రి నగరం చుట్టూ పొలాలు, తోటలు, చెరువు గట్లు అన్నీ కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతూనే ఉంటాయి. 1955లో కీలింగ్ కాలిఫోర్నియా అడవుల్లో గమనించింది సరిగ్గా ఇదే. రాత్రి అంకె చోటును బట్టి మారేది, మధ్యాహ్నం మాత్రం ఎక్కడైనా దాదాపు 310 దగ్గరే నిలిచేది.

నర్సంపేట_వ్యవసాయం

నేను వ్యవసాయ శాఖ వాడిని కాను, వరి పండించే ఇంటివాడిని. పీజీలో నేల శాస్త్రం చదివాను. శ్వాస మాట వచ్చింది కాబట్టి పొలం వైపు నుంచి కొంత చెప్పాలి.

మన ప్రాంతంలో యాసంగి వరి నాట్లు పడ్డాక మడి నిండా నీళ్లు నిలబడతాయి. నీటి కింద బురదకు ఆక్సిజన్ అందదు, అక్కడి సూక్ష్మజీవులు మీథేన్ తయారు చేస్తాయి. అందులో ఎక్కువ భాగం వరి మొక్క కాండంలోని గాలి గొట్టాల గుండానే పైకి వస్తుంది. యూరియా చల్లిన తరువాత, ముఖ్యంగా మడి ఒకసారి ఆరి మళ్లీ తడిసినప్పుడు, నైట్రస్ ఆక్సైడ్ వస్తుంది. అందుచేత నగరానికి గాలి వచ్చే వైపు పల్లెలో పెట్టిన కేంద్రాన్ని స్వచ్ఛమైన నేపథ్యం అని అనుకోకూడదు. ఫిబ్రవరిలో ఆ పల్లె నగరం కంటే ఎక్కువ మీథేన్ చూపినా ఆశ్చర్యం లేదు. హైదరాబాద్ దగ్గర షాద్‌నగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారు 2014లో లేజర్ పరికరంతో చేసిన కొలతల్లో కార్బన్ డయాక్సైడ్ వానలకు ముందు ఎండాకాలంలో, మీథేన్ వానల తరువాతి నెలల్లో ఎక్కువగా తేలాయి. రెండు వాయువుల కాలచక్రాలు వేరు. ఏడాది పొడుగునా కొలవకుండా నగరం గురించి మాట్లాడితే, మనం పంటల క్యాలెండర్‌నే నగరం లెక్కగా రాసుకుంటాం.

గాలి దిక్కు సంగతి కూడా చూడండి. చలికాలంలో మనకు గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది. అటు 50 కిలోమీటర్ల అవతల చెల్పూరులో 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. దాని పొగ ఒక రాత్రి మన నేపథ్య కేంద్రం మీదుగా పోతే, నగరం కార్బన్‌ను పీల్చుకుంటోందన్న అర్థం లేని జవాబు వస్తుంది.

కాజీపేట_విద్యార్థిని

ఉపగ్రహాలు ఈ పని చేయలేవా?

వాయుస్తంభం

కొంతవరకు చేస్తాయి. 2017లో వెళ్లిన సెంటినెల్ 5పీ ఉపగ్రహం మీద ఉన్న ట్రోపోమీ అనే పరికరం 2.3 మైక్రోమీటర్ల దగ్గర మీథేన్‌ను చూస్తుంది. కాని అది తీసే చిత్రంలో ఒక్కొక్క గడి నేల మీద సుమారు 5.5 కిలోమీటర్లకు 7 కిలోమీటర్లు. హనుమకొండ, వరంగల్ కలిపి కొద్ది గడులకు మించవు. 2014 నాటి ఓసీఓ 2 అనే ఉపగ్రహం గడులు ఇంకా చిన్నవి, కాని అది సన్నని పట్టీలో, 16 రోజులకు ఒకసారి అదే దారిన వస్తుంది. మబ్బు ఉంటే రెండూ చూడలేవు, రాత్రి అసలే చూడలేవు. మన చర్చలో సంకేతం బలంగా ఉన్నది రాత్రిపూటే అని గమనించండి.

పరికరాల_గది

ఇంతవరకు వచ్చిన అభ్యంతరాలన్నిటినీ కలిపి చూస్తే నాకు ఒక దారి కనబడుతోంది. పొర ఎత్తు తెలియకపోవడం, శ్వాస, గాలి వేగం అన్నవి ఒక్కొక్క వాయువు గాఢతను విడిగా చూసినప్పుడు వచ్చే చిక్కులు. రెండు వాయువుల పెరుగుదలల నిష్పత్తిని చూస్తే పొర ఎత్తు రెండింటికీ ఒకటే కాబట్టి అది లెక్కలోంచి తప్పుకుంటుంది. బండ్లు, కట్టెల పొయ్యిలు, చెత్త మంటలు కార్బన్ డయాక్సైడ్‌తో పాటు కార్బన్ మోనాక్సైడ్‌ను కూడా వదులుతాయి. నేల శ్వాసలో అది దాదాపు ఉండదు. కాబట్టి ఒక రాత్రి కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు మోనాక్సైడ్ కూడా అడుగులో అడుగు వేసుకుంటూ పెరిగిందా లేదా అన్నది చూస్తే, మంట వాటా ఎంతో, మట్టి వాటా ఎంతో కొంతైనా విడదీయవచ్చు. ఒక్కొక్క రకం మంటకు ఆ నిష్పత్తి వేరు. కట్టెల పొయ్యిది ఎక్కువ, కండిషన్‌లో ఉన్న కారుది తక్కువ. అందువల్ల ఇది పూర్తి జవాబు కాదు. కాని ఈ నగరంలో నమ్మదగిన మొదటి మెట్టు ఇదే.

దీనికి సరిపోయేది తెరిచిన దారి ఎఫ్‌టీఐఆర్. ఒక భవనం పైనుంచి పరారుణ కిరణాన్ని ఎదుటి ఎత్తు మీద పెట్టిన ప్రతిఫలక అద్దాల వరుసకు పంపి, వెనక్కి వచ్చిన కాంతిని చదువుతాం. మధ్య పరారుణంలో కొన్ని వందల మీటర్ల దారిలోనే కార్బన్ డయాక్సైడ్, మోనాక్సైడ్, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ నాలుగూ ఒకే వర్ణపటంలో, ఒకే క్షణంలో, ఒకే గాలిలో దొరుకుతాయి. 2014లో హైడెల్‌బర్గ్ నగరం మీదుగా సమీప పరారుణంలో ఒక వైపుకు 1.5 కిలోమీటర్ల దారిలో ఇలాంటి కొలత చేశారు. దీని గొప్పతనం ఏమిటంటే, ఒకే బండి పొగ గొట్టం పక్కన ఉన్నందుకు అంకె ఎగిరిపోదు, దారి పొడుగునా ఉన్న గాలి సగటు వస్తుంది. హనుమకొండలో ఇళ్ల కప్పుల మీదుగా పద్మాక్షి గుట్ట వైపు చూసే దారి దొరికితే చాలా బాగుంటుంది. సూర్యుడితో పని లేదు కాబట్టి రాత్రి కూడా నడుస్తుంది. దట్టమైన పొగమంచు, జోరు వాన మాత్రం ఆపుతాయి.

పరికరం తెప్పించే వారు ఒక విషయం గట్టిగా అడగాలి. చాలా ఎఫ్‌టీఐఆర్‌లలో కాంతిని చీల్చే పలక పొటాషియం బ్రోమైడ్‌తో చేసి ఉంటుంది. అది ఉప్పులాంటిది, తేమకు కరుగుతుంది. మన వానాకాలంలో పెట్టె లోపల తేమను పీల్చే సిలికా జెల్ నీలం నుంచి గులాబీ రంగుకు మారిన సంగతి రెండు రోజులు చూసుకోకపోతే పలక మీద తెల్లని మసక పడుతుంది. అది ఇక పోదు. జింక్ సెలెనైడ్ పలక తీసుకోవడం మేలు, కాంతి కొంత తగ్గినా సరే.

తేమతో రెండో బెడద లెక్కలో వస్తుంది. ఆగస్టులో 30 డిగ్రీల దగ్గర, 80 శాతం తేమ ఉన్న గాలిలో నీటి ఆవిరే మూడున్నర శాతం ఉంటుంది. పొడి గాలిలో 420 పీపీఎం ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఆ తడి గాలిలో 405గా కనబడుతుంది. నగరం సంకేతం 9 అయితే, తేమ తెచ్చే తేడా 15. అందుకే ప్రతి కొలతను పొడి గాలి లెక్కకు మార్చాకే పక్క కొలతతో పోల్చాలి. ఎఫ్‌టీఐఆర్ వర్ణపటంలో నీటి గీతలు కూడా ఉంటాయి కనుక ఆ పరికరంతోనే ఆవిరిని కొలిచి దిద్దవచ్చు. చిన్న సెన్సర్‌తో అది కుదరదు, పక్కన తేమ, పీడనం కొలిచేవి విడిగా పెట్టాలి.

గోదావరిఖని_ఇంజినీరు

మీథేన్ గురించి ఒక హెచ్చరిక. గనుల్లో మేము వాడే మీథేన్ పరికరాలు పేలుడు ప్రమాదాన్ని పసిగట్టడానికి చేసినవి. గాలిలో మీథేన్ 5 శాతం, అంటే 50,000 పీపీఎం చేరితే మండుతుంది, కాబట్టి అవి శాతాల్లో చదువుతాయి. బయటి గాలిలో మీథేన్ 2 పీపీఎంకు కాస్త అటూ ఇటూ. మార్కెట్‌లో చవకగా దొరికే మీథేన్ సెన్సర్ కొని మడికొండ డంపింగ్ యార్డు పక్కన పెట్టి, అది సున్నా చూపిందని అక్కడ మీథేన్ లేదని ఎవరూ నిర్ధారించవద్దు. కొద్ది సెంటీమీటర్ల గొట్టంలో 2 పీపీఎం వదిలే నీడ అంతగా కనబడదు. దానికి కేవిటీ రింగ్‌డౌన్ లేజర్ కావాలి. అందులో జానెడు పొడవు గదిలోనే కాంతి అద్దాల మధ్య తిరిగి తిరిగి పది కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. 1.65 మైక్రోమీటర్ల దగ్గర ఆ కాంతి ఎన్ని మైక్రోసెకన్లలో ఆరిపోయిందో చూసి మీథేన్ చెబుతారు. వెలుగు ఎంత అన్నది కాక ఎంతసేపు అన్నది కొలుస్తారు కాబట్టి లేజర్ బలం కాస్త మారినా తప్పు రాదు.

హనుమకొండ_భౌతికం

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ఎఫ్‌టీఐఆర్ మా కళాశాల స్తోమతకు మించినది. దాని కోసం నగరంలోని పెద్ద విద్యాసంస్థలతో కలిసి ప్రతిపాదన రాయాలని అనుకుంటున్నాను. అందులో రామగుండానికి సూర్యస్తంభ కొలత, వరంగల్‌కు తెరిచిన దారి అన్న విభజననే పెడతాను, ఇంజినీరు గారి లెక్కతో సహా. ఈలోగా చిన్న సెన్సర్లతో చేయదగినది చేస్తాం. ఒకటి డాబా మీద, ఒకటి ఈశాన్యాన ఊరి బయట, రెండింటి పక్కనా తేమ, పీడనం, ఒక కార్బన్ మోనాక్సైడ్ సెన్సర్. రెండు పెట్టెల మధ్య తేడాను మాత్రమే చూస్తాం, విడి అంకెలను ప్రకటించం. ఆ రెండు పెట్టెలు ఒకదానితో ఒకటి సరిపోలుతున్నాయని ఎలా నిర్ధారించుకోవాలి? గాఢత ముందే తెలిసిన ప్రమాణ వాయువు సిలిండర్ మాకు అందుబాటులో లేదు.

పరికరాల_గది

సిలిండర్ లేకపోయినా ఆ పని జరుగుతుంది. ఊరి బయటికి పంపే ముందు రెండు పెట్టెలనూ డాబా మీద పక్కపక్కనే, ఒకే ఎత్తులో, కనీసం రెండు వారాలు నడపండి. చలి, ఎండ, తేమ అన్నీ మారే రోజులు వాటిలో ఉండాలి. రెండింటి తేడాను ఉష్ణోగ్రతకు, తేమకు ఎదురుగా గీసి, ఆ వంపును రాసి పెట్టుకోండి. తరువాత నెలకొకసారి ఊరి బయటి పెట్టెను మళ్లీ తెచ్చి రెండు మూడు రోజులు పక్కన పెట్టి, వంపు జరిగిందేమో చూడండి. జరిగితే ఆ నెల కొలతలను ఆ మేరకు దిద్దండి, లేదా వదిలేయండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా గాలి బాగా కలిసి ఉన్న రోజుల్లో రెండు చోట్లా అంకెలు దగ్గరగా రావాలి. రాకపోతే తప్పు గాలిది కాదు, పెట్టెదే. పెట్టె గాలి పీల్చే రంధ్రం కిందికి చూసేలా, పిట్టగోడకు మీటరు పైన, వంటగది చిమ్నీకి, జనరేటర్‌కు దూరంగా ఉండాలి. రంధ్రానికి సన్నని జాలీ కట్టండి, లేకపోతే మొదటి వానకే చీమలు లోపల గూడు పెడతాయి.